శాలిబండలో జలక్రీడలు

మా అక్క కొడుకు రఘురామ్‌కి విశాఖపట్నంలో టూర్ల కంపెనీ ఉంది. కడలిబాట హాలిడేస్ అని పేరు. ఊరు చూడ్డానికొచ్చినవాళ్లను పొద్దున్నే ఇసకలో నడిపిస్తాడు, పడవెక్కిస్తాడు, కొండెక్కిస్తాడు, మధ్యాహ్నం చేపల పులుసు పెట్టిస్తాడు, సాయంత్రం ఒడ్డున కూర్చోబెట్టి ఫొటోలు తీయించి పంపించేస్తాడు. ఇందులో తొంభై పాళ్లు పని సముద్రానిది, మిగిలింది మావాడిది. సముద్రం సెలవడగదు, జీతం పెంచమనదు. అందుకని కంపెనీ మూడేళ్లలో ముచ్చటగా పెరిగింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఈ ఏడు సంక్రాంతి వెళ్లిన పది రోజులకు, హైదరాబాదులో బ్రాంచి పెడుతున్నానని ఫోన్ చేశాడు.

“మామయ్యా, ఓల్డ్ సిటీ వాక్ అని ఒకటి మొదలెడుతున్నాం. నడక, తిండి. మీరక్కడ నలభై ఏళ్ల నుంచీ ఉన్నారు కదా, ఒక లోకల్ మనిషిని చూసిపెట్టండి” అన్నాడు.

“నలభై ఏళ్ల నుంచీ ఉన్నవాణ్ని నేను లోకల్ కాదుట్రా?”

“మీరా! మీరు నోరు తెరిస్తే ‘మా కాకినాడలో’ అంటారు కదా మామయ్యా!”

మాట నిజమే, కాదనను. మలక్‌పేటలో ఇల్లు కట్టుకుని, ఇక్కడి సర్కారు జీతం తిని, ఇప్పుడు పింఛను తింటూ, పులుసు నోట పెట్టగానే కాకినాడను తల్చుకునే రకం నేను. పేరేమో పరబ్రహ్మం. ఇంత చిన్న విషయంలో కూడా మమకారం చంపుకోలేని పరబ్రహ్మాన్ని మా ఆవిడ సీతారావమ్మ ఒక్కతే భరిస్తోంది.

లోకల్ మనిషి చేత నింపించమని వాడొక ఫారం పంపాడు. విశాఖ ఫారమే, పైన ఊరి పేరొక్కటి మార్చాడు ప్రజ్ఞాశాలి. అందులో అయిదు గళ్లు: తీరపు నడక, ఎత్తు ఎక్కుట, నీటి ఆట, స్థానిక వేట, సూర్యాస్తమయం. ఏ గడి ఖాళీగా వదిలినా ఫోనులో ఫారం ముందుకు కదలదట.

“ఒరేయ్, హైదరాబాదులో సముద్రం లేదురా” అన్నాను, ఒకవేళ ఎవరూ చెప్పలేదేమోనని.

“ఫార్మాట్ మారదు మామయ్యా. సక్సెస్ అయిన ఫార్మాట్” అన్నాడు.

అంత సముద్రాన్ని ఎదురుగా పెట్టుకుంటే సక్సెస్ కాకేం చస్తుంది! వాడికా మాట చెబితే ముసలాడి చాదస్తం అంటాడు. నోరు మూసుకుని లోకల్ మనిషి గురించి ఆలోచించాను. ఆలోచించడానికి పెద్దగా ఏం లేదు. నాకు తెలిసిన మనుషుల్లో పాతబస్తీని అంగుళం అంగుళం ఎరిగినవాడు గుండయ్య ఒక్కడే.

గుండయ్య సిటీ బస్సు కండక్టరుగా చేశాడు. మలక్‌పేట మీదుగా అఫ్జల్‌గంజ్ పోయే బస్సు. ముప్పై ఏళ్ల కిందట ఒకరోజు నేను ఆఫీసుకు ఆలస్యమై, ముందు తలుపు దగ్గర కాస్త ఖాళీ కనిపిస్తే ఎక్కేశాను. ముందు తలుపు ఆడవాళ్లది. వెనక నుంచి విజిల్ ఒక్కసారి మోగింది. బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయింది.

“సారూ, దిగు.”

“నేను గవర్నమెంటు ఉద్యోగిని. ఆఫీసుకు టైమైపోతోంది” అన్నాను.

“సర్కారు నౌకరైతే ఏంది, నవాబైతే ఏంది? ఎనక డోర్ నుంచి రావాలె. నువ్వు దిగేదాక బండి కదలది. నాకేం ఫికర్ లేదు.”

దిగి, బస్సు పొడుగునా నడిచి, వెనక నుంచి ఎక్కాను. బస్సులో ఉన్న అరవై మందీ నా నడక చూశారు. అంత అవమానం నాకు పెళ్లిలో కూడా జరగలేదు. మర్నాడు మళ్లీ అదే బస్సు, అదే మనిషి. “రా సారూ! ఇయ్యాల మంచిగ ఎనక నుంచి ఎక్కినవ్” అని అందరికీ వినపడేలా మెచ్చుకున్నాడు. కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. అలా మొదలైన స్నేహం మాది.

ఆరేళ్ల కిందట ఆయన రిటైరయ్యాడు. డిపోలో దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం చేతిలో పెట్టారు, టికెట్ల మిషనూ ఛాతీ మీది బిళ్లా తీసుకున్నారు. విజిల్ ఆయన సొంత డబ్బుతో కొనుక్కున్నది, అది మిగిలింది. నెల తిరక్కుండానే ఒకరోజు మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“బస్సెక్కిన సారూ. కొత్త పిలగాడు, కండక్టరు. ‘ముసలాయనా, జర అటు జరుగు’ అన్నడు. నన్ను! ముప్పై ఒక్క సాల్లు మందిని జరుగుమన్నోన్ని నేను. ఛాతీ మీద బిళ్ల లేకుంటే మనిషిని ఎవ్వడు గుర్తుపట్టడా?”

సీతారావమ్మ ఇచ్చిన కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు. ఆ కొత్త కండక్టరు మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఈయన నన్ను నడిబజార్లో దింపిన రోజున కూడా నాకంత కోపం రాలేదు.

అందుకే, రఘురామ్ కంపెనీ సంగతి నేను చెప్పగానే ఆయన జీతం అడగలేదు, వేళలు అడగలేదు. “బిళ్ల ఇస్తరా సారూ?” అని అడిగాడు.

“బిళ్ల కాదు, కార్డు. మెళ్లో వేసుకునేది. దాని మీద పేరుంటుంది.”

“నా పేరే?”

“నీ పేరు కాక నా పేరుంటుందా? కాకపోతే ఊరికే ఇవ్వరు. మూడు నడకలు చేసి చూపించాలి. వచ్చినవాళ్లు ఫోనులో చుక్కలు వేస్తారు. అయిదుకి సగటున నాలుగున్నర వస్తే కార్డు నీదే.”

“అంటే ప్యాసింజర్లే చెకింగోల్లా? ఇదేం లొల్లి సారూ!” అన్నాడు. అన్నాడే గానీ, మర్నాడే ఫారం నింపడానికి నన్ను శాలిబండకు రమ్మని కబురు పెట్టాడు.

గుండయ్య ఇల్లు శాలిబండలో ఒక ఎత్తు గల్లీ చివర. వెళ్లేసరికి వాళ్లావిడ లీలమ్మ సర్వపిండి చెయ్యడానికి గిన్నెకు బియ్యప్పిండి ముద్ద అద్దుతోంది. చాప మీద కూర్చుని ఫారం తెరిచాం. తీరపు నడకకి మూసీ ఒడ్డు రాశాం. “ముక్కు మూసుకొని నడవాలె అని సుత రాయి సారూ” అన్నాడు. రాయలేదు. ఎత్తు ఎక్కుటకి చార్మినార్ మెట్లు. సూర్యాస్తమయానికి వాళ్ల మిద్దె, అక్కడి నుంచి చూస్తే సూర్యుడు నల్లటి నీళ్ల ట్యాంకుల మధ్య అస్తమిస్తాడు. స్థానిక వేట దగ్గర ఆగిపోయాం.

“మాకు చేపంటే మిర్గం నాడు సారూ. తతిమ్మ దినాలు వేటేంది?” అన్నాడు. మృగశిర కార్తె నాడు చేప తింటే ఏడాదంతా ఆయాసం రాదని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ ఒక్కరోజు కోసం గడి నింపలేం కదా, లుఖ్మీ అని రాశాను. చదరపు మైదా రొట్టెలో ఖీమా దాక్కుని ఉంటుంది కాబట్టి వేటే అనుకోవచ్చు.

ఇక నీటి ఆట.

“మా గల్లీల నీళ్లే లెవ్వు, ఆటేడికెల్లి వస్తది?” అన్నాడు గుండయ్య.

లీలమ్మ పొయ్యి దగ్గర నుంచే, “ట్యాంకర్ అని రాయుండ్రి సారూ. మా గల్లీల గంతకన్న పెద్ద ఆట ఏమున్నది?” అంది.

నవ్వుకుంటూ ‘స్థానిక జలానుభవం’ అని రాశాను. ఫారం వెంటనే ముందుకు కదిలింది. నా చేతులు విరిగిపోనూ, అప్పుడే ఆగి ఉండాల్సింది.

ఆ గల్లీ సంగతి చెప్పాలి. ఎత్తులో ఉంది కనక ఎండాకాలం నల్లా నీళ్లు పైదాకా ఎక్కవు. పన్నెండు ఇళ్లవాళ్లు చందాలేసుకుని ట్యాంకర్ తెప్పించుకుంటారు. దాని యజమానికి ఫంక్షన్ హాళ్లూ హోటళ్లూ అయ్యాక మిగిలిన వేళే వీళ్ల వేళ. వారానికి ఒకసారో రెండుసార్లో, ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. వచ్చిందంటే పూర్వం జుట్లు పట్టుకునేవారట. గుండయ్య రిటైరై ఇంటి పట్టున ఉన్నాక ఆ పని నెత్తికెత్తుకున్నాడు. ఇంటికొక రాయి, రాయి మీద సున్నంతో నంబరు. ముందు రాయి పెట్టినవాళ్లది ముందు వంతు. మనిషి వంట చేసుకుంటున్నా, నిద్రపోతున్నా, రాయి ఉంటే వంతున్నట్టే. ఇంటికి రెండు డ్రమ్ములు. విజిల్ ఒకటి మోగితే పైపు ఆగాలి, రెండు మోగితే పక్క డ్రమ్ములోకి పోవాలి. రాయి పెట్టకుండా మధ్యలో జొరబడితే ఎవరికైనా చుక్క నీళ్లుండవు. లీలమ్మ చెల్లెలు ఆండాలు అదే గల్లీలో ఉంటుంది. ఒకసారి “మరదల్ని కాదా బావా” అంటూ సరసమాడి ముందుకు రాబోతే, ఆమె డ్రమ్మును దొర్లించుకుంటూ తీసుకెళ్లి చివర పెట్టాడు. ఆమె నెల రోజులు మాట్లాడలేదట. ఆ నెల ప్రశాంతంగా గడిచిందని ఆయన చెప్పుకుంటాడు.

మొదటి నడక మార్చిలో ఒక ఆదివారం. ఉస్మాన్‌గంజ్ టోకు కొట్ల దగ్గర బయల్దేరి, మూసీ దాటి, చార్మినార్ మీదుగా శాలిబండ దాకా. విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి పదిమంది వచ్చారు. అందరికీ తెల్ల బూట్లు, చేతిలో నీళ్ల సీసాలు. గుండయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత బూటు లేసుకి కట్టిన విజిల్ మెళ్లో తగిలించుకుని వచ్చాడు. తర్వాత ఏం జరిగిందో చుక్కలు చూశాక నాకర్థమైంది. ఆయన వాళ్లను నడిపించలేదు, బస్సులో ఎక్కించుకున్నాడు. ప్రతి మలుపులో తలలు లెక్కపెట్టాడు. కొట్టు గుమ్మంలో నిలబడి ఫొటో తీసుకుంటున్న ఆవిడను “ఫుట్‌బోర్డు మీద నిలబడకమ్మా, లోపటికన్న పో, బయటికన్న రా” అన్నాడు. లాడ్ బజారులో గాజులు బేరమాడుతున్న ఇద్దరిని “దిగుతే దిగుండ్రి, లేకుంటే ఎక్కుండ్రి” అని గదిమాడు. తిండి దగ్గర ఎవరికీ ఫిర్యాదు లేదు. ఇరానీ చాయ్ రెండేసి కప్పులు తాగారు, లుఖ్మీలు వేటాడారు, లీలమ్మ సర్వపిండిని పొట్లాలు కట్టించుకున్నారు. కానీ సగటు నాలుగు దాటలేదు. ఒకాయన ‘గైడు మమ్మల్ని టికెట్ లేని ప్రయాణికుల్లా చూశాడు’ అని రాశాడు.

అది చదివి వినిపిస్తే గుండయ్య మొహం చిన్నబోయింది. “నిజమే సారూ. నోరు ఊకోదు. ఈపాలి మెత్తగ ఉంట” అన్నాడు.

రెండో నడకలో మెత్తగానే ఉన్నాడట. ‘దయచేసి’ అనే మాట కూడా వాడాడని వచ్చినవాళ్లు చెబితే లీలమ్మ నమ్మలేదట. చార్మినార్ దిగి లుఖ్మీలు తింటుండగా ఫోన్ మోగింది. ట్యాంకర్ వచ్చిందని లీలమ్మ. ఆయన లేకుండా పైపు విప్పితే గల్లీలో తలలు పగులుతాయి. సూర్యాస్తమయం, దయచేసి, మెత్తదనం అన్నీ చార్మినార్ దగ్గరే వదిలేసి, తొమ్మిదిమందిని పరుగులాంటి నడకతో శాలిబండకు లాక్కొచ్చాడు. వాళ్లు నీళ్ల వరస చూసి మేమూ పడతామన్నారు. చివర నిలబడండి అన్నాడు. నిలబడ్డారు. గంటసేపు రాళ్ల వెంట ఒక్కో అడుగూ కదిలారు, ఆండాలుతో కబుర్లు చెప్పారు, ఆఖరికి ట్యాంకర్ అడుగున మిగిలిన నీళ్లు తలా ఒక బిందె పట్టి, గుమ్మాల దాకా మోసి, సగం ఒంటి మీద ఒంపుకుని కేరింతలు కొట్టారు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తమ చేత్తో ముంచుకోని మనుషులు! అందరూ అయిదు చుక్కలు వేశారు. ఒకమ్మాయి ‘నా జీవితం మారిపోయింది’ అని రాసింది. ఆ గల్లీలో జీవితాలు ప్రతివారం అలా మారుతూనే ఉన్నాయని ఆ పిల్లకెవరు చెబుతారు?

రఘురామ్ ఆనందం పట్టలేకపోయాడు. “మామయ్యా, చూశారా ఫార్మాట్ మహత్యం! నీటి ఆటే హిట్టయింది!” అన్నాడు. మూడో నడక కాకుండానే కార్డు ముందుగా పంపించేశాడు. నీలం తాడు, తాడు పొడుగునా తెల్లటి అలలు, కార్డు మూల ఒక చేప. మధ్యలో గుండయ్య ఫొటో, కింద ‘కెప్టెన్ గుండయ్య’ అని పెద్ద అక్షరాలు. మూడో నడకలో చుక్కలు తగ్గితే వెనక్కి తీసుకుంటామని చిన్న అక్షరాలు వెనకవైపు ఉన్నాయి.

అది మెళ్లో పడ్డాక ఆ మనిషి మళ్లీ నిటారుగా నడిచాడు. కూరగాయలకు కూడా కార్డు వేసుకునే వెళ్లాడు. బస్సెక్కితే ఆనాటి కొత్త కండక్టరే కార్డు చదివి, “ఏం కెప్టెన్ సాబ్, ఓడ యాడ పెట్టినవ్?” అన్నాడట. ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పాడు. ఎగతాళో మర్యాదో ఆయనకు పట్టలేదు. గుర్తుపట్టాడు కదా, అంతే.

ఇక మా మేనల్లుడు నీటి ఆటకు మెరుగులు దిద్దడం మొదలెట్టాడు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియకపోతే టూర్ ఎలా నడుస్తుంది? అందుకని యజమానితో మాట్లాడి, ఎండాకాలమంతా ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు ఠంచనుగా వచ్చే ఏర్పాటు చేశాడు. ఆ కబురు వినగానే గల్లీవాళ్లు గుండయ్యను చుట్టుముట్టారు. ఏళ్ల తరబడి బతిమాలినా ఒక వేళంటూ లేని ట్యాంకర్‌కి వేళ కుదిరింది. ఆండాలు బావకు సేమియా పాయసం చేసి తెచ్చింది. ఇంకో మెరుగు ఏమిటంటే, అతిథుల కోసం పన్నెండు చిన్న ఇత్తడి బిందెలు కొన్నాడు. ప్లాస్టిక్ డ్రమ్ములతో ఫొటోలు బాగా రావట.

మూడో నడకకు నేనూ వెళ్లాను. ఏప్రిల్ నెలాఖరు, ఎండ మాడ్చేస్తోంది. కంపెనీ తరఫున మైథిలి అనే అమ్మాయి విశాఖ నుంచి కెమెరాతో వచ్చింది. నన్ను మామయ్యగారని గౌరవంగా అతిథుల్లో కలిపి, నా చేతికీ ఒక ఇత్తడి బిందె ఇచ్చింది. పదకొండుమంది కోస్తావాళ్లు, పన్నెండోవాణ్ని నేను. నాలుగూ ఇరవైకల్లా గల్లీ చేరుకున్నాం. పన్నెండు రాళ్లూ వరసగా ఉన్నాయి, పక్కన డ్రమ్ములు. బుధవారం తర్వాత చుక్క నీళ్లు రాలేదని ఆండాలు చెప్పింది. ఆమె మొదటి రాయి. పొద్దున ఏడింటికే పెట్టిందట.

నాలుగున్నరకు ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ ప్రేమ్‌రాజ్ పైపు దించాడు. మైథిలి చకచకా మమ్మల్ని తీసుకెళ్లి ఆండాలు రాయికి ముందు నిలబెట్టింది. నేనే అందరికంటే ముందు. బిందె చంకన పెట్టుకుని, ఫొటోకి ఎటు తిరగాలో చూసుకుంటున్నాను. అబద్ధమెందుకు, నాకు వెనకాల ఎవరున్నారన్న ఆలోచనే రాలేదు.

“అంకుల్, గెస్ట్స్ ఫస్ట్. ఒక్క అరగంట. ఆ డ్రమ్ములు కాస్త గోడ వెనక్కి పెట్టించండి, ఫ్రేమ్‌లో పడుతున్నాయి” అంది మైథిలి.

గుండయ్య కదల్లేదు. రాళ్ల వైపు చూశాడు. ఆండాలు కూడా తన రాయి దగ్గర నుంచి ఒకడుగు వెనక్కి జరిగింది. ప్రతి ఆదివారం వచ్చే నీళ్లు పోగొట్టుకోవడం ఎవరికిష్టం? ఒకరిద్దరు డ్రమ్ములు పక్కకు లాగడం మొదలెట్టారు కూడా. గుండయ్య ట్యాంకర్ దగ్గరికెళ్లి, పక్కన చేత్తో తట్టి చూశాడు. కింద సగం దగ్గరే చప్పుడు మారింది.

“ఏందిరా ప్రేమ్‌రాజ్, సగమే ఉన్నది?”

“ఫొటోకే గదన్నా అని మాలిక్ సగం నింపి పంపిండు. చిన్న బిందెలే గద అన్నడు.”

గుండయ్య చెయ్యి ఒకసారి మెళ్లో కార్డు మీదికి పోయింది. తర్వాత విజిల్ తీసి ఒక్కసారి ఊదాడు. ప్రేమ్‌రాజ్ పైపు ఆపేశాడు.

“అందరు ఎనక నుంచి రావాలె. ముందట రాళ్లోల్లు” అన్నాడు.

“అంకుల్! ఇది మీ లాస్ట్ ట్రయల్. రేటింగ్ తగ్గితే కార్డు పోతుంది” అంది మైథిలి. ఆ పిల్ల బెదిరించలేదు, నిజంగానే కంగారుపడింది.

“ఎర్కనే బిడ్డా.”

నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆరేళ్లుగా ఏ బిళ్ల కోసం ఏడ్చాడో ఆ బిళ్లను చేతులారా పారేసుకుంటున్నాడు. “గుండయ్యా, ఒక్కరోజుకేమైంది? పన్నెండు చెంబులు! ఎవరి కొంప మునుగుతుంది?” అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. “సారూ, నువ్వు సుత. ఎనక నుంచి రావాలె. నువ్వు కదిలేదాక పైపు తియ్య.”

ముప్పై ఏళ్ల తర్వాత అదే గొంతు. ఇత్తడి బిందె పట్టుకుని, పన్నెండు రాళ్ల పొడుగునా నడిచి చివరికెళ్లాను. ఈసారి గల్లీ అంతా చూసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అతిథుల్లో అయిదుగురు సణుగుతూ వెళ్లి కంపెనీ వ్యానెక్కేశారు. మిగిలినవాళ్లు ఎండలో నిలబడ్డారు. విజిల్ రెండేసి మోగుతూ పోయింది. ఇంటికొక డ్రమ్మే అని గుండయ్య అప్పటికప్పుడు కొత్త లెక్క చెప్పాడు. పన్నెండో రాయికి పైపు చేరేసరికి సన్నటి ధార, ఆ తర్వాత గాలి. ఆ పన్నెండో రాయి లీలమ్మది. ఆమె డ్రమ్ము సగం కూడా నిండలేదు. మా బిందెలు ఎంత తళతళలాడుతూ వచ్చాయో అంత తళతళలాడుతూ వెళ్లాయి.

చుక్కలు రాత్రికే వచ్చాయి, ఒకటీ ఒకటీ ఒకటీ. ‘నీటి ఆటలో నీరు లేదు’ అని ఒకాయన రాశాడు. ‘డబ్బు కట్టి వచ్చినవాళ్లను చివర నిలబెట్టారు’ అని ఇంకొకావిడ. నేను అయిదు వేశాను. కుటుంబ సభ్యుల చుక్కలు లెక్కలోకి రావని ఫోను చెప్పింది. మర్నాడు రఘురామ్ ఫోన్.

“మామయ్యా, ఆ గల్లీ క్యాన్సిల్. ట్యాంకర్ కూడా వద్దన్నాను. గోల్కొండ వైపు చూస్తున్నాం. మీరు ఆయన దగ్గర కార్డు తీసుకుని కొరియర్ చేసేయండి.”

“సిగ్గుందిట్రా నీకు? నీళ్లు లేనివాళ్ల ముందు నీళ్లాట పెట్టి, పైగా ఆయన మెళ్లోది నన్ను తెమ్మంటావా?” అని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు ఓపిగ్గా విన్నాడు. విన్నాక, “అయితే మైథిలిని పంపిస్తాలెండి” అన్నాడు. పరాయి పిల్ల వచ్చి తీసేసుకోవడం కంటే నేనే వెళ్లడం మేలనిపించింది. చెప్పుచ్చుకుని కొట్టినా వాడు మారడు. ఫార్మాట్ మారదు కదా!

బుధవారం మధ్యాహ్నం వెళ్లాను. గుండయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, కార్డు మెళ్లోనే ఉంది. ఆండాలు ఎదురుగా నిలబడి ఆయన్ను దులిపేస్తోంది.

“అరగంట ఆగితే నీ సొమ్మేం పోయేది బావా? ఆయితారం ఆయితారం నీళ్లొచ్చేటియి. నీ లైను లైను అని మా గొంతులు ఎండవెట్టినవ్. పాయసం సుత పోసిన నీకు!”

ఆయన తల వంచుకుని విన్నాడు. ఆమె విసురుగా వెళ్లిపోయాక నన్ను చూశాడు. నేనెందుకొచ్చానో చెప్పనక్కర్లేకపోయింది.

“తప్పు చేసిన్నా సారూ?” అని అడిగాడు.

“తెలీదయ్యా” అన్నాను. నిజంగానే తెలీదు. చిన్నపిల్లాడి చేతిలోంచి బొమ్మ లాక్కుంటున్నట్టు అనిపించి, అక్కడి నుంచి పారిపోదామనుకున్నాను.

ఆయన తాడు మెళ్లోంచి తీశాడు. కార్డును కొక్కెంలోంచి విడదీసి, పంచె అంచుతో ఒకసారి తుడిచి నా చేతిలో పెట్టాడు. ఫొటోలోని మనిషి నవ్వుతున్నాడు. తాడు ఇవ్వలేదు. జేబులోంచి విజిల్ తీసి, దాని పాత బూటు లేసు విప్పి పారేసి, అలలున్న నీలం తాడుకి కట్టడం మొదలెట్టాడు.

“తాడు కూడా వాళ్లదే గుండయ్యా” అన్నాను.

“కార్డు మీద రాసిండ్రు గద సారూ, కార్డు వాపస్ ఇయ్యాలె అని. తాడు ముచ్చట రాయలె” అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు రూల్స్ చదివిన మనిషి.

లీలమ్మ సర్వపిండి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. అది నోట్లో పెట్టుకోబోతుండగా గల్లీ మొదట్లో హారన్ మోగింది. ట్యాంకర్. బుధవారం, రెండున్నర, ఏ లెక్కా లేని వేళ. తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి, డ్రమ్ములు దొర్లాయి, అరుపులు మొదలయ్యాయి. వాటన్నిటి మీదుగా ఆండాలు గొంతు వినిపించింది.

“బావా! ఓ గుండయ్య బావా! జల్ది రా! ఎవడో ముందట జొర్రుతుండు, సీటీ కొట్టు!”

గుండయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. విజిల్ ఒకసారి మోగింది, గల్లీ నిశ్శబ్దమైంది. నేను కార్డు జేబులో వేసుకుని, లీలమ్మ డ్రమ్ము తీసుకెళ్లి చివరి రాయి దగ్గర నిలబడ్డాను.